మద్దిచెట్టు మీద రెక్కల చప్పుడు

అటవీశాఖ ఆఫీసు వాళ్ళ పట్టికలో కొమ్ముపిట్ట పేరుకి ఎదురుగా "లేదు" అని రాసి ఉంది. ఎవరు చూసి రాశారు? ఎవరూ చూడలేదు. పాత పట్టికలో లేదు కాబట్టి కొత్త పట్టికలోనూ లేదు. ఆ ఒక్క మాట పట్టుకుని, చాట్రాయి అవతల వాగు గట్టున మిగిలిన అరవై ఎకరాల అడవి నరికి మామిడి వేసుకోవడానికి లక్ష్మీనరసింహారావు అనుమతి తెచ్చుకున్నాడు. నూజివీడులో మామిడికాయల వ్యాపారం ఆయనది. ఉన్న తోటలు చాలవట.

నేను అర్జీలు పెట్టాను. పదకొండు. నా చదువు ఐదో తరగతి, మిగతాది అర్జీలు రాసే నేర్చుకున్నాను. చివరికి సోమయాజులు అనే ఆఫీసరు జవాబిచ్చాడు. "గూడు చూపించండి. పిట్టని నా కళ్ళతో చూస్తే 'ఉంది, అంతరించే ప్రమాదంలో ఉంది' అని రాస్తాను. నరుకుడు ఆగుతుంది. మే ఇరవైన వస్తున్నాను."

అది ఎనభై నాలుగో సంవత్సరం.

గూడు నాకు తెలుసు. వాగు ఒడ్డున ముసలి తెల్లమద్ది ఉంది, దాని తొర్రలో. కొమ్ముపిట్ట గద్ద కంటే పెద్దది. నలుపూ తెలుపూ. ముక్కు మీద ఇంకో ముక్కు బోర్లించినట్టు ఉంటుంది. ఎండాకాలం ఆడది తొర్రలో దూరి, మట్టీ రెట్టా మెత్తి ద్వారం మూసేసుకుంటుంది. రెండు వేళ్ళు పట్టే సందు మాత్రం ఉంచుతుంది. లోపల దాని రెక్కల ఈకలు రాలిపోతాయి. ఇక ఎగరలేదు. మగది పళ్ళు తెచ్చి ఆ సందులోంచి పెట్టాలి. మగది రాకపోతే ఆ తొర్రే దాని సమాధి.

పన్నెండో తారీఖున మిట్టమధ్యాహ్నం చూసి వద్దామని వెళ్ళాను. తోటలన్నీ దాటి అడవిలో అడుగు పెట్టగానే చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి. చీమ చిటుక్కుమనలేదు. అప్పుడు వినపడింది. హోస్... హోస్... కొమ్ముపిట్ట రెక్కల చప్పుడు. తల ఎత్తాను. ఆకాశం తెల్లగా కాలిపోతోంది. పిట్ట లేదు.

చప్పుడు చెట్టు దగ్గర్నించి వస్తోంది. మామిడికాయలు కోసే నిచ్చెన మద్దిచెట్టుకి ఆనించి ఉంది. దాని మీద ఇన్నయ్య, లక్ష్మీనరసింహారావు తోటలో కాపలావాడు. ఎడమచేత్తో చేట పట్టుకుని గాలిలో ఊపుతున్నాడు. కుడిచేతిలో పిట్ట ముక్కు. పిట్ట లేదు, ఒట్టి ముక్కే. దాని కొసన జువ్విపండు. సందులోంచి ఇంకో ముక్కు బయటికొచ్చి, ఆ పండు అందుకుని లోపలికి పోయింది.

నిచ్చెన కిందికి పరిగెత్తాను.

"ఏంటిది ఇన్నయ్యా? దిగు!"

"మాటాడకండి కోటేశ్వర్రావుగారూ. అది వింటంది."

పళ్ళన్నీ అయ్యాకే దిగాడు. మనిషి సగమైపోయాడు. కళ్ళు లోపలికి పోయాయి.

"రసాలు పొడుస్తందని వడిసెలతో కొట్టానండి. రాయి తలకి తగిలింది. మిగతా పిట్టలు బెదురుతాయని మా అయ్యగారు చెట్టుకి ఏలాడదీయమన్నారు. ఏలాడదీశా. మర్నాడు వాగులో నీళ్ళకని ఇటొచ్చా. ఆ సందులోంచి ముక్కు బయటికి పెట్టి, నోరు తెరుచుకుని ఉందండి. పొద్దున్నించి అట్టాగే ఉందేమో. చేత్తో పెట్టా, తీసుకోలా. పుల్లతో పెట్టా, తీసుకోలా. అప్పుడు పోయి, ఆ ఏలాడేదాని ముక్కు కోసుకొచ్చా."

వెనకనించి వాళ్ళావిడ రాహేలు వచ్చింది, గంజి ముంత పట్టుకుని. "చూడండి బాబూ! పాతికేళ్ళ కాపరంలో నా నోట్లో ఒక్క పండు పెట్టిన పాపాన పోలేదు. ఇప్పుడు దానికి పెట్టందే గంజి ముట్టడంట!"

ఇన్నయ్య నవ్వలేదు. "ఇంకో సంగతండి. రెండ్రోజుల్నించీ నేను చేట ఎత్తకముందే చప్పుడొస్తంది."

"ఎండదెబ్బ" అన్నాను.

అసలు చిక్కు వేరే ఉంది. ఆ పిట్టని చంపితే జైలు. ముక్కు ఆఫీసరు కంట పడిందా, ఇన్నయ్య పని అయిపోయినట్టే. ఆడది ఆఫీసరుకి కనపడకపోతే అడవి పని అయిపోయినట్టే. అందుకే ఇన్నయ్యకి గట్టిగా చెప్పాను. "ఆ రోజు చెట్టు వెనక నుంచుని చేట ఒక్కటే ఊపు. అది ముక్కు బయటికి పెడుతుంది, ఆయన చూస్తాడు, రాసుకుపోతాడు. పిట్ట ముక్కు మాత్రం సంచీలోంచి తీశావో, నీ ఖర్మ. వాళ్ళు పోయాక మేపుదువుగాని."

"సరేనండి."

ఇరవయ్యో తారీఖు. జీపులో సోమయాజులు వచ్చాడు. పక్కన లక్ష్మీనరసింహారావు, తెల్ల గ్లాస్కో పంచెలో.

"ఏం కోటేశ్వరరావూ, పిట్టల పార్టీ పెట్టావంటగా! ఓట్లేస్తాయా అవి?"

"మీ మామిడికాయలు వేస్తాయా మరి?" అన్నాను.

మిట్టమధ్యాహ్నం అయింది. గాలి ఆగింది. హోస్... హోస్... అని మా నెత్తి మీదుగా పోయింది చప్పుడు. ముగ్గురం తలలెత్తాం. ఏమీ లేదు. ఇన్నయ్య బాగానే ఊపుతున్నాడే అనుకుని చెట్టు వెనక్కి చూశాను. చేట వేరు మీద బోర్లించి ఉంది. ఇన్నయ్య రెండు చేతులూ తలపాగా మీద పెట్టుకుని నుంచున్నాడు.

సందులోంచి ముక్కు బయటికొచ్చింది.

"ఉంది!" అన్నాడు సోమయాజులు. ఫైలు తెరిచి, పెన్ను తీశాడు. అయిపోయింది, గెలిచాం అనుకున్నాను. పదండి, జీపు దగ్గరికి పోదాం అని కూడా అన్నాను.

లక్ష్మీనరసింహారావు కదల్లేదు. "మగదేదండీ? చప్పుడే గానీ పిట్ట లేదే? మగది లేకపోతే ఇది రేపో ఎల్లుండో పోయేదేగా. పోయేదానికి ఇంత రాతకోతలెందుకు?"

పెన్ను ఆగింది. సోమయాజులు నా వంక చూశాడు.

పిట్ట నోరు ఇంకా తెరిచే ఉంది. లోపల ఎర్రగా కనిపిస్తోంది. చప్పుడైతే వచ్చింది గానీ పండు రాలేదు దానికి. ఇన్నయ్య దాన్నే చూస్తున్నాడు. నేను కళ్ళతో వద్దన్నాను. వాడు నన్ను చూస్తే కదా! సంచీలోంచి ముక్కు తీశాడు. నిచ్చెన ఎక్కాడు. ఒక్కొక్క పండే పెట్టాడు.

దిగాక సోమయాజులు అడిగాడు. "మగదాన్ని చంపింది నువ్వేనా?"

"నేనేనండి."

"మరెందుకు బయటపడ్డావయ్యా?"

"నోరు తెరిచి ఉందండి."

సోమయాజులు ఆ ముక్కు తీసుకుని రుమాల్లో చుట్టాడు. సాక్ష్యం అది. ఫైల్లో "ఆడది ఒకటి, గూటిలో ఉంది. అంతరించే ప్రమాదం" అని రాసి సంతకం పెట్టాడు. "పదిహేను రోజులకి మళ్ళీ వస్తాను. అప్పటికి ఇది చస్తే ఈ కాగితం చెల్లదు" అన్నాడు. ఇన్నయ్యని జీపెక్కించారు.

"పదిహేను రోజులేగా" అని లక్ష్మీనరసింహారావు నవ్వాడు.

మర్నాడు నేనే నిచ్చెన ఎక్కాను. మైలవరం వడ్రంగి చేత కొయ్యముక్కు చేయించాను. చేట ఊపాను. అది బయటికి రాలేదు. నాలుగు రోజులు ఊపాను. భుజాలు పడిపోయాయి. సందులోంచి ఒక్క అలికిడి లేదు. ఆ ముక్కు తిరిగివ్వండని ఆఫీసుకి పోయి అడిగితే, సాక్ష్యం ఇవ్వరు పొమ్మన్నారు. అక్కడే అరిచాను. బయటికి నెట్టారు.

ఐదో రోజు రాహేలు జైల్లో మొగుణ్ణి చూసొచ్చి తిన్నగా చెట్టు దగ్గరికే వచ్చింది.

"ఎట్టా ఉన్నాడు?"

"ఎట్టా ఉంటాడండీ. మిట్టమధ్యాన్నం అయ్యేసరికి గోడకి తిరిగి కూచుంటన్నాడంట. ఎడంచెయ్యి ఇట్టా ఇట్టా ఊపుతా. ఆపమంటే ఆపడంట. పిచ్చెక్కిందని నవ్వుతున్నారు వాళ్ళు."

ఆమె చెయ్యి గాలిలో ఊపి చూపించింది, చేట ఊపినట్టు. వెంటనే ఆపేసింది. ఆమె కాళ్ళ దగ్గర ఏదో టప్పున పడింది.

వంగి తీశాను. మొర్రిగింజ. ఇంకా తడిగా ఉంది. తొర్రలోంచి అది తిని ఊసిన గింజ. చుట్టూ చూశాను. పది, పదిహేను ఉన్నాయి, అన్నీ తడివే.

ఇన్నయ్య ఎన్నడూ మొర్రిపళ్ళు పెట్టలేదు. నేనూ పెట్టలేదు. మొర్రిచెట్లు వాగు అవతలి గుట్ట మీద ఉండేవి. నాలుగేళ్ళ కిందటే నరికి మామిడి వేశారు. ఒక్కటి మిగల్లేదు, నేనే లెక్కపెట్టాను.

పైన సందులోంచి ముక్కు బయటికొచ్చి ఉంది. నా వైపు కాదు, గుట్ట వైపు. నోరు తెరిచి లేదు. మింగుతోంది.

గింజలన్నీ ఏరి కాగితంలో పొట్లం కట్టాను. పన్నెండో అర్జీకి జతచేస్తాను. ఎక్కణ్ణించి వచ్చాయని అడుగుతారు. అడగనీ. ఆ చెట్లు కూడా వాళ్ళ పట్టికలో "లేదు" అనే ఉన్నాయి.