కరెంటు పోతే నిద్రపోయే మౌస్

చంద్రగిరి ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పే నారాయణి టీచరుకు చికున్‌గున్యా జ్వరమైతే తగ్గింది గానీ, వేళ్ల కీళ్లు మాత్రం పట్టేసినట్టే ఉండిపోయాయి. బోర్డు మీద వృత్తం గీస్తే కోడిగుడ్డయ్యేది. పదో తరగతి పరీక్షలకు రెండు నెలలే ఉన్నాయి. జామెట్రీ బొమ్మలు కంప్యూటర్లో గీసి, ప్రింటు తీయించి పిల్లలకు పంచుదామని తిరుపతిలో ఒక పాత ల్యాప్‌టాప్ కొనుక్కుంది. అందులో విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత సిస్టం ఉంది. వేలితో గీరితే తెర మీద బాణం కదిలే టచ్‌ప్యాడ్ ఆమె వల్ల కాలేదు. యూఎస్‌బీ మౌస్ అయితే అరచేత్తో కప్పి నెట్టుకొచ్చేది.

ఆ మౌసే మొండికేసింది. త్రిభుజం సగంలో ఉండగా బాణం గుర్తు బిగుసుకుపోయేది. కాసేపటికి దానంతటదే లేచేది. కొన్నచోటికే తీసుకుపోతే అక్కడ చక్కగా ఆడింది. "బాగానే ఉండాదే మేడమ్" అన్నాడు కొట్టతను. ఇల్లు చేరిన సాయంత్రమే మళ్లీ ఆగింది. నారాయణికి ఏడుపొచ్చినంత పనైంది.

ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లి, లినక్స్ వాడేవాళ్లు ఒకరికొకరు సాయం చేసుకునే గుంపుకు తన గోడు రాసుకుంది. మర్నాడే జవాబొచ్చింది. రాసినాయన పేరు బాలసుబ్రమణ్యం, చిత్తూరులో టెలిఫోన్ల ఆఫీసులో చేసి రిటైరయ్యాడట. కింద ఫోన్ నంబరు ఇచ్చాడు.

ఆ సాయంత్రం ఫోను పక్కన స్టూలేసి, ల్యాప్‌టాప్ పెట్టుకుని, చార్జరు తగిలించి ఆయనకు ఫోన్ చేసింది. ఆయన ఒక్కో అక్షరం చెబుతుంటే ఒక్కో మీటా వెతుక్కుని నొక్కింది.

"తొందర లేదమ్మా, నిదానంగా కొట్టండి. ఇప్పుడొచ్చిన లిస్టులో మౌస్ అని యాడన్నా ఉండాదా?"

"ఉంది సార్, మూడో వరసలో."

"అయితే మౌస్ బాగానే ఉండాది, కంప్యూటరుకు కనిపిస్తా ఉండాది. ఎప్పుడెప్పుడు ఆగిపోతాది?"

"దానికో వేళాపాళా లేదండీ."

పాలు పోయడానికొచ్చిన పక్కింటి నాగులమ్మ గడప దగ్గరే నిలబడి ఈ మాటలన్నీ వింటోంది. ఇక ఊరుకోలేకపోయింది.

"వేళ లేకేమమ్మా? కరెంటు పోయినప్పుడే గదా! నిన్న నేనొచ్చినప్పుడు ఫ్యాను ఆగిపోయినాది, నువ్వు ఆ ఎలకను తిట్టుకుంటా ఉంటివి. మొన్నా అంతే. నేను సూస్తానే ఉండా."

ఫోన్లో ఆ మాట వినబడి బాలసుబ్రమణ్యం గట్టిగా నవ్వాడు. "ఆయమ్మ ఎవురో గానీ పట్టేసిందమ్మా! చార్జరు పీకి సూడండి."

పీకింది. రెండు క్షణాలు గడిచాక మౌస్ కింది ఎర్రలైటు ఆరిపోయింది. మౌస్ ఎంత జరిపినా బాణం కదల్లేదు.

"బ్యాటరీ మీదికి రాంగానే కరెంటు మిగుల్చుకుందామని సిస్టం మౌస్‌ను నిద్రపుచ్చుతా ఉండాది. మీ మౌసేమో నిద్ర లేవడం తెలీనిది. దాన్ని నిద్రపుచ్చొద్దని చెబుదాం, రాసుకోండి."

ఆయన చెప్పింది ఒక పొడుగాటి కమాండు వరస. రెండుసార్లు తప్పు కొట్టింది, రెండుసార్లూ ఆయన విసుక్కోకుండా మొదటి నుంచీ చెప్పాడు. మూడోసారికి సరిపోయింది. ఆయన చెప్పినట్టే మౌస్ తీగ ఊడదీసి మళ్లీ గుచ్చింది. చార్జరు పీకే ఉంది. నిమిషమైంది. ఎర్రలైటు ఆరలేదు. అరచేతి కింద మౌస్ జరిపితే బాణం చురుగ్గా తెర ఆ చివరికి పోయింది. ల్యాప్‌టాప్ ఆపి పెట్టినా ఈ మార్పు నిలిచేలా ఇంకో వరస కూడా రాయించాడు.

"మీ రుణం ఎలా తీర్చుకోవాలి సార్? మొహమైనా చూడకుండా గంటసేపు సాయం చేశారు."

"నాకు నేర్పినాయన్ని నేనూ సూడలేదమ్మా. యాడో కేరళాయన, ఉత్తరాల్లోనే అంతా చెప్పినాడు. పిల్లోళ్లకు బొమ్మలు గీయండి, సాలు."

ఫోను పెట్టేసి నారాయణి నాగులమ్మ రెండు చేతులూ పట్టుకుంది. "అక్కా, కొట్టతనికీ నాకూ అందనిది నీకు కనబడింది."

"పోమ్మా, నేనేం జేసినా! కండ్లకు కనబడింది చెప్పినా" అంటూ నాగులమ్మ సిగ్గుపడింది. అయినా చేతులు వెనక్కి తీసుకోలేదు.

సోమవారం క్లాసులో కాగితాలు పంచుతూ, ఈ బొమ్మలు మీ చేతికెలా వచ్చాయో తెలుసా అని నారాయణి మొదలుపెట్టింది. ఆ రోజు మొదటి పావుగంట లెక్కలు జరగలేదు.