వాయించినది రోలాండ్ మిడ్జ్‌లీ

"బెరిల్, నీ చేతిపట్టీలు ఈ పూటకి నాకివ్వవూ?" అన్నాడు రోలాండ్, గడ్డం గీసుకుంటూ.

బెరిల్ అతని తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తోంది. కాలర్ దగ్గర ఇస్త్రీపెట్టె తిప్పడానికి ఆమె మణికట్టు సహకరించదు. రెండు చేతులతో పట్టుకుని, ఒళ్ళంతా ముందుకు వంచి తోయాలి. అలా తోస్తూనే అడిగింది.

"నీకెందుకవి?"

"హాల్లో చలిగా ఉంటుంది."

సొరుగులోంచి తీసి ఇచ్చింది. కీళ్లవాతానికి ఆస్పత్రివాళ్లు ఇచ్చిన గోధుమరంగు పట్టీలు. బొటనవేలి దగ్గర కుట్టు ఊడితే తనే మళ్లీ కుట్టుకుంది. ఏప్రిల్ నెలలో, వేడిగొట్టాలున్న టౌన్‌హాల్లో చలేమిటని ఆమెకి తోచకపోలేదు. కానీ చొక్కా చేతులు ఇంకా మిగిలాయి, అతని బూట్లు తుడవాలి, పదకొండున్నరకి బస్సు దగ్గర కూతురు జూడిత్‌ని కలుసుకోవాలి. అడగాల్సిన ప్రశ్నలన్నీ ఆ ఇంట్లో ఎప్పుడూ ఇలాగే వెనకబడిపోతాయి.

ఆ మధ్యాహ్నం రోలాండ్‌కి సన్మానం. జానపద సంగీతానికి జీవితమంతా చేసిన సేవకి. గోడపత్రిక మీద 'పదకొండు వాయిద్యాల మిడ్జ్‌లీ' అని పెద్ద అక్షరాలు. ఆ పదకొండులో గిటారు ఒక్కటే అతనిది. తక్కిన పదీ బెరిల్‌వి.

బెరిల్ తండ్రి కాల్డర్ లోయలో ఉన్నిమిల్లు కార్మికుడు. సాయంత్రాలు మిల్లువాళ్ల బృందంలో కాన్సర్టీనా వాయించేవాడు. రెండు అరచేతుల మధ్య పట్టే ఆరుపలకల పెట్టె అది. తిత్తిని సాగదీస్తూ మూస్తూ రెండు వైపులా మీటలు నొక్కాలి. ముగ్గురు పిల్లల్లో బెరిల్‌కే అది లొంగింది. తర్వాత ప్రార్థనమందిరంలో హార్మోనియం, పక్కింటి ముసలాయన దగ్గర ఫిడేలు, ఎవరో పారేసిన మాండలిన్. పదహారేళ్లు వచ్చేసరికి చేతికి ఏది దొరికితే అది మోగేది. రోలాండ్ బడిపంతులు. మంచి గొంతు. ఆ సంగతి ఆమె ఇప్పటికీ కాదనదు. ఆ గొంతు పక్కన తన ఫిడేలు నడిచినప్పుడు, ఇద్దరూ ఒకే మాట చెబుతున్నారనిపించి ఒళ్లు ఝల్లుమనేది. అందుకే పెళ్లి చేసుకుంది.

పందొమ్మిది వందల డెబ్భై రెండులో మొదటి రికార్డు వెనక పడగ్గదిలో చేశారు. కిటికీలకి దుప్పట్లు కట్టి, జూడిత్ మధ్యాహ్నం నిద్రపోయే గంటన్నరలో. ముందు కాన్సర్టీనా, దాని మీద ఫిడేలు, దాని మీద మాండలిన్, ఒక్కొక్క పొరా ఆమే వాయించింది. మధ్యలో పొయ్యి మీద బంగాళాదుంపలు చూసొచ్చేది. మూడు నెలలకి రికార్డు ఇంటికొచ్చింది. అట్ట వెనక్కి తిప్పింది. 'గానం, వాయిద్యాలు: రోలాండ్ మిడ్జ్‌లీ.' అట్ట లోపలికి కూడా తొంగిచూసింది, అక్కడెక్కడైనా ఉందేమోనని.

"కంపెనీవాళ్లు తొందర్లో తప్పు వేశారు. రెండో ముద్రణలో దిద్దిస్తాగా," అన్నాడు రోలాండ్.

రెండో ముద్రణ వచ్చేలోగా లండన్ పత్రికలో అరపేజీ వ్యాసం వచ్చింది. ఒక్క మనిషి ఇన్ని వాయిద్యాలు వాయించడం ఈ తరంలో వినలేదని. దాన్ని రోలాండ్ మూడుసార్లు పైకి చదివాడు. నాలుగోసారి చదువుతూ, ఆమె మొహం చూసి ఆపేశాడు. ఆ వారమంతా ముభావంగా ఉన్నాడు. తర్వాత ఒకరోజు, ఆమె జూడిత్ బట్టలు ఆరేస్తుంటే, పెరట్లోకి వచ్చి అన్నాడు. "ఇప్పుడు మారిస్తే నన్ను దొంగ అంటారు బెరిల్. నన్ను దొంగని చేస్తావా?"

అత్తగారికి ఇదంతా గోరంతను కొండంత చేస్తున్నట్టే కనిపించింది. "మిడ్జ్‌లీ అని వేశారుగా అమ్మాయ్! నువ్వు మిడ్జ్‌లీవి కావూ? ఇంకేం కావాలి నీకు?" అంది, మాంసంతో తినే పుడ్డింగ్ రొట్టె మీద గ్రేవీ పోసుకుంటూ.

సభల్లో ఎలా నెట్టుకొస్తాడోనని మొదట్లో బెరిలే భయపడింది. రోలాండ్ తేలిగ్గా నెట్టుకొచ్చాడు. "రికార్డు వేరు, సభ వేరు. మనుషుల ఎదుట గొంతే మాట్లాడాలి," అనేవాడు. అదో గొప్ప నియమమని జనం మెచ్చుకున్నారు. తప్పనిసరైన పాటలకి బెరిల్ వెనక స్టూలు మీద కూర్చునేది. "మా ఆవిడండీ. తప్పు వాయిస్తే ఆవిణ్ణి తిట్టండి, బాగా వాయిస్తే మాత్రం నేర్పింది నేనే," అనేవాడు. పబ్బు మేడ మీద గదంతా ఘొల్లుమనేది. ఆమె కూడా నవ్వేది. ఇన్నేళ్ల తర్వాత అతనన్న మాట అంతగా మండదు గానీ, తన నవ్వు మాత్రం ఇప్పటికీ మండుతుంది. ఎందుకు నవ్వినట్టు? ఎవరు నవ్వమన్నారు? అలా తొమ్మిది రికార్డులయ్యాయి. జూడిత్ పెద్దదై లీడ్స్ వెళ్లిపోయింది. ఆరేళ్ల కింద వేళ్లు వంకర్లు పోవడం మొదలైంది. పదో రికార్డు ఇక రాలేదు.

టౌన్‌హాలు నిండిపోయింది. బెరిల్ మూడో వరసలో కూర్చుంది, పక్కన జూడిత్. ఉపన్యాసాలు, జ్ఞాపిక అయ్యాక సభ నడిపే అతను కాన్సర్టీనా పెట్టెను రెండు చేతులా ఎత్తి, "ఒక్కటి, మా కోసం ఒక్కటి!" అని బతిమాలాడు. జనం చప్పట్లు. రోలాండ్ నెమ్మదిగా చేతులు పైకెత్తాడు. గోధుమరంగు పట్టీలు దీపాల వెలుగులో అందరికీ కనిపించాయి.

"క్షమించండి. కీళ్లవాతం," అన్నాడు. "ఆరేళ్లయింది. పొద్దున లేచేసరికి వేళ్లు పక్షి గోళ్లలా ముడుచుకుపోయి ఉంటాయి. పావుగంట వేణ్ణీళ్లలో పెడితేగానీ సీసా మూత కూడా తియ్యలేను. ఒక్కోసారి ఈ పెట్టెను ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుంటాను. చంటిపిల్లని పెట్టుకున్నట్టు."

బెరిల్ గుర్తుపట్టింది. ఒక్కొక్క మాటా తనది. పక్షి గోళ్లు తనవి. వేణ్ణీళ్లు తనవి. చంటిపిల్ల మాట ఈ చలికాలమే, ఏడుపు ఆపుకోలేక, అతని భుజం మీద తల పెట్టి చెప్పుకుంది. పేరు తీసుకున్నాడు, పాటలు తీసుకున్నాడు, పోనీలే అనుకుంది. తన దగ్గర మిగిలింది ఆ నొప్పి ఒక్కటే. అది తనదేనని ఎవరికీ అనుమానం రాదనుకుంది. ఇప్పుడు అదీ అతని చేతుల మీద ఉంది, నాలుగువందల మంది చూస్తుండగా.

హాలంతా లేచి నిలబడింది. వెనక వరసలో ఒకావిడ కళ్లు తుడుచుకుంటూ వంగి, బెరిల్ భుజం నిమిరింది. "పాపం, ఎలా చూసుకుంటున్నారో తల్లీ ఆయన్ని!" బెరిల్ కూడా లేచింది. చప్పట్లు కొట్టడానికి చేతులు రాలేదు. అందరూ అది దుఃఖం అనుకున్నారు. జూడిత్ మాత్రం తల్లి చేతుల వంక ఒకసారి, వేదిక వంక ఒకసారి చూసి, తల దించుకుంది. బస్సెక్కేటప్పుడు గట్టిగా కావలించుకుంది. ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ ఏమీ అనకుండానే పెరిగింది.

తిరుగుదారిలో రోలాండే కారు నడిపాడు. స్టీరింగ్ మీద అతని వేళ్లు నిక్షేపంగా ఉన్నాయి.

"నా నొప్పి కూడా కావలసి వచ్చిందా నీకు?"

"ఏమని చెప్పమంటావు మరి? పెట్టె తెచ్చి మొహాన పెట్టాడు."

"నిజం చెప్పొచ్చుగా."

"ఏది నిజం? నా గొంతు లేకపోతే నీ వాయింపు ఎవడు వినేవాడు? వంటింట్లో పిల్లులు వినేవి." అన్నాక అతనికే నోరు చేదైనట్టుంది. గొంతు తగ్గించాడు. "నేను పోయాక చెప్పుకో బెరిల్. ఇంకెన్నాళ్లుంటాననీ?"

"నేను ముందు పోతే?"

రోలాండ్ మలుపు రాకముందే ఇండికేటర్ వేశాడు.

మర్నాడు పొద్దున అతను నడకకి వెళ్లగానే బెరిల్ అటక మీది పెట్టె దింపింది. కంపెనీవాళ్లు తిరిగి పంపిన పాత టేపులన్నీ అందులోనే ఉన్నాయి. పాటకీ పాటకీ మధ్య తమ మాటలుంటాయి కదా. 'జూడిత్ లేచింది, ఆపు' అని తను అన్నది. 'ఫిడేలు ఇంకోసారి, బెరిల్' అని అతను అన్నది. ఆ ఒక్క మాట దొరికితే చాలు. పాత యంత్రం దుమ్ము దులిపి, వంగని వేళ్లతో టేపు ఎక్కించడానికే అరగంట పట్టింది. మొదటిది విన్నది. రెండోది. ఐదోది. పాట, మౌనం, పాట. ఎక్కడా మనిషి మాట లేదు. మాటలుండాల్సిన ప్రతిచోటా టేపుని కోసి, తెల్లని అతుకు వేసి ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. కంపెనీకి పంపేముందు రోలాండ్ బ్లేడు పట్టుకుని కూర్చునేవాడు. 'చెత్త తీసేస్తున్నా,' అనేవాడు. నేలంతా గోధుమరంగు టేపు ముక్కలు రాలేవి. వాటిని చీపురుతో ఊడ్చి, చేటలోకి ఎత్తి, పొయ్యిలో వేసింది తనే. ప్రతిసారీ. 'కాస్త చూసి పారెయ్యొచ్చుగా, గదంతా చెత్త' అని విసుక్కుంటూ తన గొంతుని తనే ఊడ్చేసుకుంది. బెరిల్ ఆ టేపుల మధ్య నేల మీద కూలబడిపోయింది. తండ్రి పోయాడు. ఫిడేలు నేర్పిన ముసలాయన పోయాడు. చేతులు పోయాయి. ఆ రికార్డుల్లో తను ఒక్క స్వరమైనా వాయించినట్టు చెప్పేది ఏదీ మిగల్లేదు. ఇక తను ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. రోలాండ్ వచ్చే అలికిడి వినిపించాక కూడా లేవాలనిపించలేదు. అతనే వచ్చి చేయందించాడు, టేపుల వంక చూడకుండా. "భోజనానికి ఏముంది?" అన్నాడు.

గురువారం విశ్వవిద్యాలయం నుంచి ఫ్రేయా వచ్చింది. జానపద సంగీతం మీద పరిశోధన చేస్తోంది, ముప్ఫై ఏళ్లుంటాయి. బల్ల మీద చిన్న రికార్డింగ్ యంత్రం పెట్టి మీట నొక్కింది. రోలాండ్ పడక్కుర్చీలో కూర్చున్నాడు. పట్టీలు అతని చేతులకే ఉన్నాయి. ఫ్రేయా తన ఫోనులో ఒక పాట పెట్టింది. రెండో రికార్డులోది, కాన్సర్టీనా ఒక్కటే.

"ఇక్కడ వినండి. ఈ చోట ప్రతిసారీ ఒక స్వరం వదిలేశారు. ఖాళీగా. మా విద్యార్థులందరూ ఇప్పుడు అలాగే వదిలేస్తున్నారు. అసలది ఎందుకు వదిలారు మీరు?"

"అదా!" రోలాండ్ కళ్లు మూసుకున్నాడు. "రాగానికి కూడా ఊపిరుంటుందమ్మా. కొండ ఎక్కేవాడు మధ్యలో ఆగడూ? అలాగన్నమాట."

"వేలు కాలింది," అంది బెరిల్.

టీ పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. తను మాట్లాడబోతున్నట్టు తనకే తెలియదు.

"ఏంటండీ?" అంది ఫ్రేయా.

"ముందురోజు ఆదివారం. మా అత్తగారు భోజనానికొచ్చారు. పుడ్డింగ్ రేకులో కాగిన కొవ్వు నా ఎడమచేతి వేలు మీద పడింది. సోమవారానికల్లా టేపు పంపాలన్నాడు. తక్కిన వేళ్లతోనే వాయించా. అక్కడ ఆ వేలు ఆనించలేకపోయా. అంతే."

రోలాండ్ చిన్నగా నవ్వాడు. ఆప్యాయంగానే నవ్వాడు.

"డెబ్భై ఆరొచ్చాయి కదా పాపం. ఈ మధ్య అన్నీ కలగాపులగం అవుతున్నాయి ఆవిడకి. నా సంగతులు తనవే అనుకుంటుంది. మేమేం అనం."

ఫ్రేయా గబుక్కున లేచి, బెరిల్ చేతుల్లోంచి పళ్లెం అందుకుంది. "మీరు కూర్చోండమ్మా. నేను పోస్తాలెండి," అంది. తప్పిపోయిన పిల్లలతో మాట్లాడే మెత్తటి గొంతు.

ఆ గొంతు బెరిల్‌కి అర్థమైంది. ఇక మీద తను ఏం చెప్పినా ఈ గొంతే జవాబిస్తుంది. డాక్టరూ, పక్కింటివాళ్లూ, రేపు జూడిత్ కూడా. నలభై ఏళ్లూ తను నోరు విప్పకపోవడం వల్ల మాట పోయిందనుకుంది. విప్పితే మతి కూడా పోయినట్టే.

గోడ పట్టుకుని రెండడుగులు వేసింది. బీరువా పక్కనున్న పెట్టె మూత తియ్యడానికి వేళ్లు రాలేదు. మణికట్లతో నొక్కి తెరిచింది. తండ్రి కాన్సర్టీనాని మోచేతుల మధ్య ఎత్తుకొచ్చి రోలాండ్ ఒళ్లో పెట్టింది.

"నీకు చేతులు నొప్పి కదా, వాయించొద్దులే," అంది. "ఆ వదిలేసిన స్వరం ఏ మీటదో వేలు పెట్టి చూపించు. చాలు."

"బెరిల్, ఏంటిది? పిల్ల ముందు..."

"చూపిస్తే నాకు మతిపోయిందని నేనే ఒప్పుకుంటా."

రోలాండ్ పెట్టె వంక చూశాడు. నలభై ఎనిమిది మీటలు. అన్నీ ఒకే తీరు, ఏ గుర్తూ లేదు. అతని చూపుడువేలు ఎడమవైపు వెళ్లింది. ఒక మీట మీద ఆగింది. కాదనుకుని పక్కకి జరిగింది. మళ్లీ ఆగింది. పెట్టెను తిప్పి కుడివైపు చూశాడు.

తర్వాత తలెత్తి బెరిల్ వంక చూశాడు.

ఆ చూపు ఆమెకి కొట్టినపిండి. సభలో చరణం మరిచిపోయినప్పుడల్లా వెనక్కి తిరిగి ఇలాగే చూసేవాడు. ఆమె పెదాలు చప్పుడు లేకుండా తర్వాతి మాట అందించేవి. ఒక్కసారైనా ఆలస్యం చేసింది లేదు. ఇప్పుడతని చెవులు ఎర్రబడ్డాయి. గడ్డం కింద, పొద్దున గీసుకోవడం మరిచిపోయిన నాలుగు తెల్లవెంట్రుకలు కనిపిస్తున్నాయి. ముసలివాడు. తను ప్రేమించిన గొంతున్నవాడు. ఎడమవైపు, లోపలి వరస, కింద నుంచి నాలుగోది. కళ్లతో ఒక్కసారి అటు చూస్తే చాలు, పట్టుకుంటాడు. ఆమె పెదాలు వాటంతట అవే కదలబోయాయి.

ఫ్రేయా చేతిలోని టీ గిన్నె కింద పెట్టేసింది. ఆమె గొంతు మారింది.

"చూపించండి, మిస్టర్ మిడ్జ్‌లీ."

బెరిల్ పెదాలు బిగబట్టి, కిటికీ వైపు తిరిగి నిలబడింది.