పడవావిడ

తెల్లవారుతుండగానే లేచి, వంటింట్లో ఇస్త్రీబల్ల మీది దుప్పటి తీసేసి, కాగితాలు పరుచుకుని నవల రాసుకోవడం ఆమెకి అలవాటు. రాస్తున్నంతసేపూ పెదాలు కదులుతాయి. పాత్రలకి కోపం వస్తే ఈమె కనుబొమ్మలు ముడిపడతాయి. పొయ్యి మీద టీ పొంగిపోయినా పట్టదు. "మా కోడలు నవల రాస్తోంది, అందుకే మా ఇంట్లో టీ ఎప్పుడూ సగం గ్లాసే" అని అత్తగారు ఇరుగుపొరుగుకి చెప్పేది. అది గొప్పో ఫిర్యాదో ఎవరికీ అర్థమయ్యేది కాదు.

పొద్దెక్కాక కళ్ళజోళ్ళ దుకాణంలో పని. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించాలి. అక్కడా ఊరుకోదు. మొదటిసారి జోడు పెట్టుకున్నవాళ్ళని "ముందుగా ఏం కనిపించింది?" అని అడుగుతుంది. ఒకాయన "మా ఆవిడ ముడతలు" అన్నాడు. ఆ మాట బస్సు టికెట్టు వెనక రాసుకుంది.

నవల ఒక ముసలామె గురించి. వంతెన కట్టాక కూడా ఏట్లో పడవ నడపడం మానని మనిషి. మూడో అధ్యాయం మొదలుపెట్టిన ఉదయం ఆ ముసలామె వంటింటి తలుపు తోసుకుని లోపలికొచ్చి, తెడ్డు మూల నిలబెట్టి, పీట వాల్చుకుని కూర్చుంది. అత్తగారు ఎగాదిగా చూసి, "ఊరికే కూర్చుంటే ఏం తోస్తుంది, ఈ బఠాణీలు వలువు" అని చేట ముందుకి తోసింది. భర్త తల తుడుచుకుంటూ వచ్చి, "ఆవిడకి కప్పుకోడానికి ఏమైనా ఇచ్చావా? చలిగా ఉంటోంది" అన్నాడు. అంతే. అప్పట్నుంచి పడవావిడ ఆ ఇంటి మనిషే. రాసింది నచ్చకపోతే బఠాణీ గింజ విసిరేది. "నేనలా మాట్లాడతానా? పంతులమ్మలాగా?"

రాసిన ప్రతి పేజీ ముందు అక్కే వినాలి. తల్లి పోయాక ఆమెకి జడలు వేసి బడికి పంపిన అక్క. ఇప్పుడు కాలేజీలో సాహిత్యం చెబుతోంది. తనూ నవల రాయాలని ఏళ్ళ తరబడి కూర్చుంది గానీ మొదటి పేజీ దాటలేదు. చివరి అధ్యాయం ఒక్కటే మిగిలిందనగా ఆమె కాగితాల కట్ట తీసుకెళ్ళి అక్కకి ఇచ్చింది.

"తొందరపడకే. దిద్ది, నాకు తెలిసిన ప్రచురణకర్తకి నేనే చూపిస్తాను."

"నీ చేతిలో పెట్టాక నాకు బెంగేంటక్కా."

నెలలు గడిచాయి. అడిగినప్పుడల్లా "ఇంకా చూస్తున్నారే" అనేది అక్క.

ఒక మధ్యాహ్నం దుకాణానికొచ్చినావిడ కొత్త జోడు పెట్టుకుని, అక్షరాలు ఆనుతున్నాయో లేదోనని సంచిలోంచి ఒక పుస్తకం తీసి పైకి చదివింది. "పొద్దున్నపూట ఏరు ఎవరితోనూ మాట్లాడదు."

తన మొదటి వాక్యం. ఆమె చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉండిపోయింది. పుస్తకం తిప్పి చూసింది. అట్ట మీద అక్క పేరు.

"బాగా కనిపిస్తోందాండీ?" అని అడిగింది.

"అద్దంలా కనిపిస్తోందమ్మా!" అందావిడ సంబరంగా.

ఇంటికొచ్చేసరికి పడవావిడ మూట కట్టుకుని, తెడ్డు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"నువ్వు కూడానా?"

"అట్ట మీద ఎవరి పేరుంటే వాళ్ళింట్లో ఉండాలి తల్లీ. నా చేతిలో ఏముంది?"

"ముందే తెలుసన్నమాట. ఒక్క మాట చెప్పావు కాదు."

ముసలామె చెప్పులు తొడుక్కుని మెట్లు దిగిపోయింది. సగం వలిచిన చేట కేసి చూస్తూ అత్తగారు నిట్టూర్చింది. "నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి."

సెలవు రోజు చూసుకుని ఆమె అక్క ఇంటికెళ్ళింది. దారంతా మాటలు నూరుకుంటూనే ఉంది. తలుపు తీసిన అక్క చేతిలో తడిగుడ్డ.

"ఎందుకు చేశావక్కా?"

"నువ్వు తెచ్చింది కథే. దాన్ని నవల చేసింది నేను. చివరి అధ్యాయం అచ్చంగా నాది. అందరూ మెచ్చుకుంటున్నది దాన్నే." గొంతు తగ్గించి అంది. "నీకింకా వస్తాయే. పొద్దున్నే లేచి కూర్చుంటే చాలు, నీకు వస్తాయి. నాకు రావు."

లోపల ఎవరో దగ్గారు. గది మూల పడవావిడ కూర్చుని ఉంది. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి, పెదాలు నీలంగా ఉన్నాయి, కాళ్ళ కింద మడుగు. అక్క రాసిన చివరి అధ్యాయంలో వరదొచ్చి పడవ బోల్తాపడుతుంది, ముసలామె మునిగిపోతుంది.

"ఎంత తుడిచినా ఆగట్లేదు" అంది అక్క, కారే కుళాయి గురించి చెప్పినట్టు.

నూరుకున్న మాటలన్నీ అక్కడే వదిలేసి ఆమె వెనక్కి తిరిగింది. పడవావిడ ఏమీ అడగలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

మర్నాడు పొద్దున్నే ఇస్త్రీబల్ల దగ్గర కూర్చుంది. "నీ మీద జాలితో కాదు" అని గొణిగింది. "మునిగి చచ్చేంత తెలివితక్కువదానివి కావు నువ్వు. అందుకు." తిరగబడ్డ పడవ వీపు పట్టుకుని ముసలామె ఎక్కడో గట్టుకి కొట్టుకొస్తుంది. జనం మూగుతారు. బట్టలు పిండుకుంటూ ఆవిడ మొదట అడిగే మాట: "నా చెప్పొకటి ఏట్లో పోయింది. ఎవరైనా చూశారా?" రాసి, ఇస్త్రీ బట్టల కింద పెట్టి పనికి వెళ్ళిపోయింది. ఎవరికీ చదివి వినిపించలేదు.

అదే వారం గ్రంథాలయంలో అక్కకి సన్మానం. "వెళ్ళకు, ఎందుకు మనసు పాడుచేసుకోవడం" అన్నాడు భర్త. అయినా వెళ్ళి చివరి వరసలో కూర్చుంది. ప్రశంసలయ్యాక ఒక నర్సు లేచి నిలబడింది.

"అమ్మా, చావు తప్పించుకుని ఒడ్డుకొచ్చిన మనిషి చెప్పు గురించి అడుగుతుంది. చదివి నవ్వాను, తర్వాత ఏడ్చాను. ఎలా తట్టింది మీకు?"

అక్క నవ్వింది. "ఏ చెప్పు? ఆవిడ మునిగిపోతుంది కదా!"

హాల్లో గుసగుసలు. ఎవరికి వాళ్ళు పుస్తకాలు తెరిచారు. "మునగదండీ, గట్టుకొస్తుంది" అని ఇంకొకాయన తన ప్రతి పైకెత్తి చూపించాడు. అక్క బల్ల మీదున్న తన ప్రతి అందుకుని చివరి పేజీలు చదివింది. మళ్ళీ చదివింది.

"ఇది నేను రాయలేదు" అంది. మైకు ముందుంది కాబట్టి అందరికీ వినిపించింది.

పక్కనే కూర్చున్న ప్రచురణకర్త మెల్లిగా అడిగాడు. "మరెవరు రాశారమ్మా?"

 అక్క కళ్ళు వరస తర్వాత వరస వెతుక్కుంటూ వెళ్ళి చివరి వరసలో ఆగాయి. తలలన్నీ అటు తిరిగాయి.

మలి ముద్రణకి అట్ట మీద అక్క పేరు పోయి ఆమె పేరు వచ్చింది. ఆ ప్రతి ఇంటికొచ్చిన సాయంత్రమే పడవావిడ పొడి బట్టలతో గుమ్మంలోకొచ్చింది. ఆమె తలుపైతే తీసింది గానీ రమ్మనలేదు. అత్తగారే చేట ముందుకి తోసింది. అక్క ఫోను చేస్తూనే ఉంది. ఆమె అది మోగినంతసేపూ మోగనిచ్చేది.

తర్వాత కూడా నవలలు రాసింది. ఒకరోజు భర్త టీ గ్లాసుతో వచ్చి పక్కన నిలబడ్డాడు. ఏనాడూ ఆమెకి అన్యాయం చేసిన మనిషి కాదు.

"ఎంతదాకా వచ్చింది? ఒకసారి చదివి చెప్పనా?"

అప్పటికే ఆమె అరచెయ్యి కాగితాన్ని కప్పేసింది. కప్పాక తనే గమనించుకుంది. తీద్దామనుకుంది, చెయ్యి రాలేదు. అతను గ్లాసుని కాగితాలకి దూరంగా పెట్టి, చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయాడు.