మేడం ఆగేచోట

సత్యవేణికి మూడో తరగతి కావాలి. కాప్రాలోని ఆ బడి లైబ్రరీలో చేరినప్పటి నుంచీ ఆమె పుస్తకాలకు అట్టలు వేస్తూ, టీచరు రాని క్లాసుల పిల్లలకు కథలు చెబుతూ వచ్చింది. ఇప్పుడు మూడో తరగతి టీచరు భర్తకు బదిలీ అయి వెళ్ళిపోవడంతో ఆ చోటు ఖాళీ అయింది. చదువుకు లోటు లేదు, బీయే, బీయెడ్ రెండూ ఉన్నాయి. అడ్డమల్లా ఒక్కటే, నత్తి. ఉన్నట్టుండి ఏదో ఒక మాట ముందు నాలుక అంగిట్లో అతుక్కుపోతుంది. అప్పుడు ఎదుటివాళ్ళు చూడలేక ఆ మాటేదో తామే అందించేస్తారు. అందరూ మంచివాళ్ళే. కూరల బండి దగ్గరా, బస్సులోనూ, ఇంట్లోనూ ఆమె మొదలుపెట్టిన మాటల్లో సగం ఇతరులే పూర్తి చేసిపెట్టారు.

హెడ్మిస్ట్రెస్ మేబెల్ పట్టుబట్టి డెమో క్లాసుకు ఒప్పించింది. "ఒక్క పీరియడ్ చూడండి రాజుగారూ. తర్వాత మీ ఇష్టం" అని కరస్పాండెంటు నరసరాజుగారితో అంది.

"ఆ అమ్మాయంటే నాకేమైనా కోపమా అండీ? ఫీజులు కట్టే తల్లులు ఊరుకోవద్దూ? ఏ.ఎస్. రావు నగర్ పోతే గల్లీకో బడి ఉంది" అన్నారాయన. ఆయన భయం ఆయనది.

సోమవారం పొద్దున వాళ్ళిద్దరూ వచ్చి చివరి బెంచీ మీద కూర్చున్నారు. అది చిన్నపిల్లల కొలతకు చేసిన బెంచీ కావడంతో నరసరాజుగారి మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి.

ఆ రోజు పాఠం ఒకేలా వినిపించే ఇంగ్లీషు పేర్ల గురించి. సత్యవేణి బోర్డు మీద బ్యాట్ అని రాసి, ఒక పక్క గబ్బిలం, ఇంకో పక్క క్రికెట్ బ్యాటు బొమ్మ వేసింది.

"ఈ రెండూ చుట్టాలేనా?"

సగం మంది ఔనన్నారు, సగం మంది కాదన్నారు.

"మన క్లాసులో ఇద్దరు దేవిలున్నారు కదా. వాళ్ళు అక్కచెల్లెళ్ళా?"

"కాదు మేడం" అంది పొడుగు దేవి వెంటనే. "ఇది నాకు పెన్సిల్ సుత ఇయ్యదు."

"నువ్వు కొరుకుతవ్. అందుకే ఇయ్య" అంది పొట్టి దేవి.

"ఇవీ అంతే" అంది సత్యవేణి, నవ్వులు తగ్గాక. "కర్రను పిలిచే పాత ఇంగ్లీషు మాట క్రికెట్ బ్యాటుకు పేరైంది. గబ్బిలం పేరేమో ఉత్తరాన చలిదేశాల భాష నుంచి వచ్చి, నోళ్ళలో నలిగి నలిగి ఇలా అయింది. పేరు కలిసింది గానీ చుట్టరికం లేదు."

మాట సాఫీగానే సాగుతోంది. మేబెల్ ఊపిరి పీల్చుకుంది.

సత్యవేణి ఇంకో రెండు మాటలు రాసింది. స్పెల్లింగులు వేరు, పలకడం మాత్రం ఒకటే, మసిల్. ఒకటి ఒంట్లోని కండ. రెండోది సముద్రపు రాళ్ళను అంటిపెట్టుకుని పెరిగే నల్లటి ఆల్చిప్ప. చిన్నప్పుడు భీమిలిలో వాటి అంచులు తగిలి కాళ్ళు కోసుకున్న సంగతి కూడా చెప్పింది.

"వీటికి రాత వేరైనా తల్లి ఒక్కటే. పూర్వం రోము నగరపు మనుషులు చెయ్యి ఇలా మడిచి చూసుకున్నారు." ఆమె మోచెయ్యి మడిచింది. క్లాసంతా మడిచింది. "చర్మం కింద చిన్న జంతువేదో అటూ ఇటూ పరిగెత్తుతున్నట్టు లేదూ? ఆ ఆల్చిప్ప రంగూ రూపూ చూసినా వాళ్ళకు అదే గుర్తొచ్చింది. అందుకే రెంటికీ దాని పేరే పెట్టారు. అదేమిటంటే, చి..."

నాలుక అతుక్కుపోయింది.

"చి... చి..."

మెడ నరాలు బిగుసుకున్నాయి. చేతిలో సుద్దముక్క విరిగింది. మూడో తరగతి తన చేతుల్లోంచి జారిపోవడం ఆమెకు కళ్ళకు కట్టినట్టు కనిపించింది. చివరి బెంచీలో నరసరాజుగారు ఇబ్బందిగా కదిలారు. ఒకరు బాధపడుతుంటే చూస్తూ కూర్చోగలిగిన మనిషి కాదాయన.

"చీమ" అని అందించారు.

పిల్లలంతా ఒక్కసారి వెనక్కి తిరిగారు.

"సార్, మీరు జెర ఆగుండ్రి" అంది పొడుగు దేవి, క్లాసుకు కొత్తగా వచ్చిన పిల్లాడికి చెప్పినట్టు. "మేడం ఆగినప్పుడు ఆ మాటేందో మనం మనసుల సోంచాయించాలె. ఎవ్వలు చెప్పొద్దు. చెప్తే కథ ఖరాబైతది."

ఈ నియమం ఎవరు పెట్టారో సత్యవేణికి తెలియదు. తాను పెట్టలేదు. లైబ్రరీలో తన మాట ఆగినప్పుడల్లా పిల్లలు కిక్కురుమనకపోతే భయమో మర్యాదో అనుకునేది. ఇప్పుడు చూసింది. వాళ్ళు మోచేతులు మడిచి, కండలు నొక్కుకుంటూ, ఆ జంతువేదో కనిపెట్టే పనిలో ఉన్నారు. పొట్టి దేవికి తట్టినట్టుంది, బయటికి రాకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ గదిలో ఎవరికీ తొందర లేదు.

ఆమె మాటను లాగడం మానేసింది. ఊపిరి వదిలింది.

"చి... చిట్టెలుక."

గది గోలగోల అయిపోయింది. ప్రతివాడి జబ్బలోనూ ఎలుక దొరికింది. మేబెల్ కూడా చెయ్యి మడిచి నొక్కుకుని, "నాది నిద్రపోతోంది" అని గొణిగింది.

గంట కొట్టాక వరండాలో నరసరాజుగారు సత్యవేణిని ఆపారు. "పిల్లల సంగతి సరేనమ్మా. పేరెంట్స్ మీటింగులో తల్లులు ఇలా ఆగరు. వాళ్ళకెవరు చెప్తారు?"

"నే..."

మళ్ళీ ఆగింది. ఆయన పెదవులు కదిలాయి. మేబెల్ ఆయన వంక చూసింది. ఆయన పెదవులు బిగించి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. ఆటస్థలం నుంచి పీటీ మాస్టారి విజిల్ వినిపించింది, మంచినీళ్ళ కుళాయి దగ్గర ఎవరో తోసుకున్నారు. ఆయన అలాగే నిలబడ్డారు.

"నేనే చెప్తానండి."

"ఏమని?"

"నాకు నత్తి ఉందని. కాసేపు ఆగితే మాట వస్తుందని."

నరసరాజుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు.

"రేపటి నుంచి క్లాసు తీసుకోమ్మా. మీటింగు శనివారం" అన్నారు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగారు. "నేనూ వచ్చి కూర్చుంటాను. మధ్యలో మాట్లాడనులే."