రాబోయే ట్యాబ్‌కు నేనే కొలత

నేను ఒక పుకారును. నవ్వకండి. గాలిలో తిరిగే పుకార్లకు రూపం ఉండదు గానీ నాకుంది. నున్నటి అల్యూమినియం ఒళ్లు, గుండ్రటి మూలలు, తెర ఉండాల్సిన చోట నల్ల స్టిక్కరు. లోపల బ్యాటరీ లేదు, చిప్పు లేదు, బుర్ర అసలే లేదు. ఇంకా మార్కెట్లోకి రాని ఓ ట్యాబ్‌ కొలతలు ఎవరో ఎక్కడో సంపాదిస్తే, వాటిని బట్టి నన్ను మిషను మీద కోశారు. నాలాంటివాళ్లను డమ్మీలంటారు. పేరు కాస్త చిన్నతనంగానే ఉంటుంది, ఏం చేస్తాం! కానీ మేం లేకపోతే కవర్లు కుట్టేవాళ్లకు పని జరగదు. అసలుది దుకాణానికి వచ్చిన రోజే దాని కవరూ సిద్ధంగా ఉండాలి కదా.

మనుషులు భలేవాళ్లు. పుట్టబోయే బిడ్డకు ముందే చొక్కా కుట్టించకూడదంటారు. పుట్టబోయే ట్యాబ్‌కు మాత్రం నెలల ముందే కవరు కుట్టిస్తారు.

నన్ను తెప్పించుకున్నది విజయవాడ బీసెంట్‌ రోడ్డులో మొబైల్‌ షాపు నడిపే ఉదయభాస్కర్‌. ఆయన కౌంటరు మీద కూర్చున్న నాలుగు రోజుల్లో నా గురించి నాకే తెలియని సంగతులు బోలెడు విన్నాను. ఒకాయన నాకు కెమెరాలు రెండన్నాడు, ఇంకొకాయన మూడన్నాడు. ఒకసారి ఛార్జి పెడితే రెండు రోజులు చూసుకోనక్కర్లేదని ఒకరంటే, అదేం ఉండదు, పాతదానికే కొత్త రంగు వేసి అంటగడతారని మరొకరు కొట్టిపారేశారు. ధర మాటొస్తే మాత్రం చొక్కాలు పట్టుకోవడమే తక్కువ. ఈ కబుర్లన్నీ విని, ఉన్న ట్యాబ్‌ కొనడానికి వచ్చినవాళ్లు కూడా కొత్తది వచ్చాక చూద్దాంలే అని చక్కా పోయేవారు. తన బేరం తనే చెడగొట్టుకుంటున్నానని భాస్కర్‌కు తెలుసు. అయినా నోరు కట్టేసుకోలేకపోయేవాడు, ఆ చర్చంటే ఆయనకు అంత ప్రాణం.

ఒక సాయంత్రం నన్ను సంచిలో వేసుకుని వన్‌టౌన్‌లో నాంచారమ్మ ఇంటికి తెచ్చాడు. నాంచారమ్మ, ఆవిడ భర్త వీరాస్వామి బ్యాగులూ కవర్లూ చేస్తారు. ఆయన కత్తిరిస్తాడు, ఆవిడ కుడుతుంది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆవిడ కుట్టిన ప్రతిదాని మీదా ఎవరెవరివో కంపెనీల పేర్లే.

"అక్కా, కొత్త ట్యాబ్‌ వచ్చిన రోజు పొద్దున్నే నీ కవర్లు నా షాపులో ఉండాలి" అన్నాడు భాస్కర్‌. "దానికి అవి సరిపోయాయనుకో, నీ పేరుతోనే అద్దాల్లో పెడతా. సరిపోలేదంటే మళ్లీ పాత పద్ధతే, వేరేవాళ్ల పేరు మీద కుట్టడమే."

"నా పేరుతోనా?" నాంచారమ్మ కాలు మిషను మీద ఆగిపోయింది.

"పేరు కొంచెం మారుద్దాంలే. నాంచారమ్మ అంటే కుర్రాళ్లు కొనరేమో. నాన్సీ అని పెడదామా?"

"అది మా నాయనమ్మ పేరు బాబూ. కొంటే ఆ పేరుతోనే కొంటారు, లేకపోతే మానేస్తారు."

అక్కడే నాకావిడ నచ్చేసింది.

వీరాస్వామికి వేరే బెంగ. "ఇంతకీ ధరెంత పెడతారయ్యా? ఆకాశంలో పెట్టారనుకో, కొనేవాడేడీ? కొనేవాడే లేకపోతే మన కవరెవడిక్కావాలి?"

"మూడు రకాలు తెస్తారు బావా. పెద్దదానికి గుండె గుభేల్‌మనే ధర పెడతారు. చిన్నదాంట్లో ఏమీ ఉండనివ్వరు. అప్పుడు జనం మధ్యదానికి ఎగబడతారు. అదీ వాళ్ల కిటుకు."

"మా వీధిలో మామిడికాయల సుందరమ్మ చేసేదీ అదేగా" అంది నాంచారమ్మ, నన్ను అటూ ఇటూ తిప్పి కొలుచుకుంటూ.

ఇంట్లో ఉన్న మంచి రెక్సినంతా నా కొలతకే కోసేశారు. నన్ను ఒరలో కత్తిలా దూర్చి, తీసి, మళ్లీ దూర్చి చూసుకునేది ఆవిడ. మొదటి కవరు మీద పేరు అచ్చు కొట్టిన రోజు ఇద్దరూ పని మానేసి దాన్నే చూస్తూ కూర్చున్నారు. నాకు సంతోషంగానూ ఉంది, భయంగానూ ఉంది. నేను నిజమో అబద్ధమో నాకేం తెలుసు?

ఆ రోజు రానే వచ్చింది. కవర్లనూ నన్నూ తీసుకుని నాంచారమ్మా వీరాస్వామీ షాపుకు వచ్చారు. షాపు ముందు జనం. కెమెరా ఒక్కటే, ఛార్జి ఎప్పటిలాగే, ధరలో పాతదానికీ దీనికీ పైసా తేడా లేదు. పుకార్లన్నీ బోల్తా కొట్టాయి. భాస్కర్‌ అసలుదాన్ని తీసి నాంచారమ్మ కవరులో దూర్చాడు. అది గబుక్కున జారి, ఒక పక్కకు ఒరిగిపోయింది. తెర చుట్టూ ఉండే నల్ల అంచును కంపెనీవాళ్లు బాగా తగ్గించేశారట. నాకంటే అది వెడల్పులో వేలెడు తక్కువ.

నేనూ బోల్తాయే. వీరాస్వామి రోడ్డువైపు తిరిగి నిలబడ్డాడు. నాంచారమ్మ కవరు మీది అక్షరాలను పైట కొంగుతో తుడిచింది. సిగ్గుతో చచ్చిపోయాను.

అంతలో ట్యాబ్‌ కొన్న ఓ కాలేజీ అమ్మాయి కౌంటరు దగ్గర గొడవ మొదలుపెట్టింది. ధర పెంచకుండా ఉండటానికి కంపెనీ ఓ కిటుకు చేసింది. తెర మీద రాసుకోవడానికి ఇదివరకు పెట్టెలోనే ఇచ్చే పెన్నును తీసేసి, విడిగా అమ్ముతోంది. ఇది ఎవరి పుకారులోనూ లేని సంగతి.

"డబ్బులు పోసి విడిగా కొన్నాను సరే, దీన్నెక్కడ పెట్టుకోవాలండీ? రేపటికల్లా పారేసుకుంటా!"

నాంచారమ్మ ఆ పెన్ను వంక చూసింది. కవరు వంక చూసింది. "ఏదీ, ఓసారి ఇటివ్వమ్మా" అని తీసుకుని, కవరులో ట్యాబ్‌ పక్కన మిగిలిన సందులోకి తోసింది. బిగుతుగా కూర్చుంది. తలకిందులు చేసి దులిపింది. పెన్నూ కదల్లేదు, ట్యాబూ కదల్లేదు.

"ఈ కవరు నాకిచ్చేయండి" అంది అమ్మాయి. వెనకున్నవాళ్లు మాకూ మాకూ అని మీద పడ్డారు.

"పెన్ను విడిగా ఇస్తారని నాకు ముందే తెలుసండీ. అందుకే అలా కుట్టించా" అన్నాడు భాస్కర్‌, కన్నైనా ఆర్పకుండా. వీరాస్వామి నవ్వాపుకోలేక దగ్గు నటించాడు.

ఇప్పుడు నా కాపురం ఆ షాపు అద్దాల్లోనే. అసలుదాన్ని పెడితే ఎవరైనా ఎత్తుకుపోతారని, కవరులో నన్ను పెట్టి నిలబెట్టారు. దారిన పోయేవాళ్లు నన్ను చూపించి, వచ్చే ఏడాది దీని ధర తగ్గుతుందంటూ అప్పుడే మొదలుపెట్టేశారు. వింటూ మురిసిపోతుంటాను.

నిన్న సాయంత్రం నాంచారమ్మ వచ్చింది. లోపలికి రాకుండా, అద్దానికి అవతలే చాలాసేపు నిలబడింది. పక్కన ఆగిన పెద్దమనిషి ఒకాయన అడిగాడు, "ట్యాబ్‌ కొంటున్నారామ్మా?"

"లేదండీ. నా పేరు చూసుకుంటున్నా."

ఆయన కళ్లజోడు సర్దుకుని, అద్దం దగ్గరికి వంగి, పైకే చదివాడు: "నాంచారమ్మ, విజయవాడ."