ఉతారు మైలేజీ

మా ఇంట్లో కార్ల మాట మొదలైతే కంచాల్లో అన్నం చల్లారిపోవలసిందే. నా మొగుడు ఉపేందర్, నా చెల్లెలు సంతోషి మొగుడు జీవన్, ఈ ఇద్దరు షడ్డకులకూ ఒకేసారి పెద్ద కారు పిచ్చి పట్టింది. మేము నాచారంలో ఉంటాం, వాళ్ళు అంబర్‌పేట్‌లో ఉంటారు. పొద్దున లేస్తే ఫోన్లో ఇదే పంచాయితీ. జీవన్‌కు పవర్ కావాలి, నూట యాభై హార్స్‌పవర్‌కు ఒక్కటి తగ్గినా ఒప్పుకోడు. మా ఆయనకు మైలేజీ కావాలి. పెళ్ళిచూపుల్లో పిల్ల వయసు అడిగినట్టు, ఏ కారు కనబడినా లీటరుకు ఎంత ఇస్తదని అడుగుతాడు. సంతోషికేమో ఎర్ర రంగుండాలి, అపార్ట్‌మెంట్లో పదిమంది కళ్ళూ పడాలి. నాకేం కావాలో ఒక్కరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని, నడిచేటప్పుడు ఇంజన్ ఆగని కారు కావాలని.

నవ్వులాటకు అనడం లేదు. మా ఆయనకు ఒక జబ్బుంది. ఉతారు వస్తే చాలు, ఇంజన్ బంద్ చేస్తాడు. ఉతారంటే మావైపు వాలు. బండి వాలులో దిగుతుంటే గేరు న్యూట్రల్‌లో వేసి, తాళం ఒకసారి వెనక్కి తిప్పి, మళ్ళీ సగం ముందుకు తిప్పుతాడు. ఇంజన్ ఆగిపోతుంది, మీటర్ మాత్రం వెలుగుతూనే ఉంటుంది. బండి దాని బరువుకు అది జారిపోతుంటే, చుక్క పెట్రోల్ ఖర్చు లేకుండా ఇంత దూరం వచ్చామని మురిసిపోతాడు. ఇది వాళ్ళ నాయన నుంచి వచ్చిన విద్య. మా మామ ఉప్పలయ్య జనగామలో లారీ నడిపేవాడు, ఘాట్ రోడ్డులో డీజిల్ తాగకుండా లారీని దింపినవాడే డ్రైవర్ అనేవాడు. మామ పోయాడు, మాట పోలేదు. మా ఆయన నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో మెషిన్ల మరమ్మతు చూసే సూపర్‌వైజర్. ఇంజన్ ఆగితే బ్రేకుకు బలం పోతుందని తెలియనివాడా? తెలుసు. కానీ తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

మొన్న వానాకాలంలో మా పాత చిన్న కారులో లాలాపేట ఫ్లైఓవర్ దిగుతున్నాం. అలవాటు ప్రకారం బంద్ చేశాడు. కింద ఒక ఆటో టక్కున ఆగింది. ఈయన బ్రేకు తొక్కాడు, కొంచెం పట్టింది. మళ్ళీ తొక్కాడు, ఇంకా కొంచెం పట్టింది. మూడోసారి ఆ పెడల్ బండరాయి అయిపోయింది. రెండు కాళ్ళూ ఎత్తి దాని మీద నిలబడ్డంత పని చేశాడు. చివరికి హ్యాండ్‌బ్రేకు గుంజితే బండి అడ్డం తిరిగి ఆటో వెనక జానెడు దూరంలో ఆగింది. ఆటోలో స్కూలు పిల్లలున్నారు, వెనక్కి తిరిగి మాకు చేతులు ఊపారు. ఇంటికి వచ్చాక ఆయన్ను కడిగి ఆరేశాను. చాందిని మీద ఒట్టు పెట్టించాను. చాందిని మా ఒక్కగానొక్క బిడ్డ. ఆయన దాని తల మీద చెయ్యి పెట్టినట్టే గాలిలో చెయ్యి పెట్టి, ఇంట్లోవాళ్ళు బండిలో ఉంటే ఇంజన్ బంద్ చెయ్యనని ఒట్టేశాడు. ఇంట్లోవాళ్ళు లేకపోతే సంగతేమిటో ఆ కోపంలో అడగడం మరిచాను.

ఆ తర్వాత ఒక ఆదివారం అందరం ఉప్పల్‌లో కార్ల షోరూమ్‌కు పోయాం. మా అమ్మ వెంకటనర్సమ్మ కూడా వచ్చింది, ఆమె లేకుండా మా ఇళ్ళల్లో చీపురు కూడా కొనరు. షోరూమ్‌లో కార్లు అమ్మే అతని పేరు గిరిధర్, ఓపిక గల మనిషి. ముందు జీవన్‌కు నచ్చిన ఎర్ర కారు తీశాడు. జీవన్ దాన్ని వరంగల్ రోడ్డెక్కించి, కొత్త ఫ్లైఓవర్ పిల్లర్ల పక్కన కాస్త ఖాళీ దొరకగానే ఒక్క తొక్కు తొక్కాడు. మా వీపులు సీట్లకు అతుక్కుపోయాయి. అమ్మ దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలిచింది. దిగాక, ఆ బండిలో పిల్లలను ఎక్కిస్తే ఊరుకోనని అల్లుడి ముఖం మీదే చెప్పేసింది. సంతోషి కొడుకులు, పెద్దోడూ చిన్నోడూ, ఎక్కడికి పోయినా ఉపేందర్ బండిలోనే కూర్చోవాలట. నిండుకుండ తొణకదు, మా పెద్దల్లుడు అట్లాంటి మనిషి అని గిరిధర్‌కు కూడా వినిపించింది. నాకు నవ్వు రాలేదు.

గిరిధర్ తర్వాత ఒక హైబ్రిడ్ కారు చూపించాడు. పెట్రోలూ బ్యాటరీ రెండింటి మీదా నడుస్తుందట. వాలులో దిగేటప్పుడు దాని ఇంజన్ దానంతట అదే ఆగిపోతుందని అతను చెప్పాడో లేదో, మా ఆయన ముఖం మతాబులా వెలిగింది.

"సూసినవా దుర్గా? నేను శేత్తోని జేసేది గీ కంపెనీవాళ్ళు కంప్యూటర్‌తోని జేస్తున్రు."

మరి బ్రేకు సంగతేమిటని నేను గిరిధర్‌ను గట్టిగానే అడిగాను. ఆ కారులో బ్రేకుకు వేరే ఏర్పాటు ఉంటుందని, మామూలు కారులో నడుస్తూ ఇంజన్ ఆపితే ప్రాణాలకే ముప్పని అతను విడమరిచి చెప్పాడు. మా ఆయన ఆ సమయానికి వెళ్ళి డిక్కీ ఎంతుందో చూస్తున్నాడు. వినవలసిన మాట వచ్చినప్పుడు ఆ మనిషి చెవులు ఎక్కడికి పోతాయో ఆ భగవంతునికే తెలియాలి.

హైబ్రిడ్ మా తాహతుకు మించింది. జీవన్ ఎర్ర టర్బో తీసుకున్నాడు. మా ఆయన తెల్ల పెట్రోల్ కారు తీసుకున్నాడు, పవర్ తక్కువ, మైలేజీ ఎక్కువ. ఇంకాస్త వేస్తే బటన్ నొక్కి స్టార్ట్ చేసే మోడల్ వస్తుందని గిరిధర్ చెప్పాడు. మా ఆయన వద్దన్నాడు, తాళం తిప్పేదే కావాలన్నాడు. జీవన్ పిసినారి అన్నా అని ఆటపట్టించాడు, అందరూ నవ్వారు. బటన్ బండిని నడుస్తుండగా ఆపడం అంత సులువు కాదని నాకు అప్పటికే తెలుసు. ఈ మనిషి తాళం ఎందుకు అడిగాడో అందరిలోకీ నాకొక్కదానికే అర్థమైంది. వాహనపూజ నాడు కొబ్బరికాయ కొడుతూ ఆయన చేతిలోని తాళాన్నే చూశాను.

పాత కారు చాందినికి ఇచ్చాం. దాని కాలేజీ ఘట్‌కేసర్ దగ్గర. ఆదివారాలు ఫ్యాక్టరీలు మూసి ఉంటాయి కదా, ఇండస్ట్రియల్ ఏరియాలో ఖాళీ రోడ్ల మీద వాళ్ళ నాన్నే దానికి డ్రైవింగ్ నేర్పాడు. తండ్రీబిడ్డలు ఆకలి కూడా మరిచి తిరిగేవాళ్ళు. నా బిడ్డ బెల్టు పెట్టుకోనిదే బండి కదపదు, సందు మలుపులో కూడా ఇండికేటర్ వేస్తుంది. వాళ్ళ నాన్నకు పట్టని బుద్ధి దీనికి పట్టిందని కాలనీలో గొప్పగా చెప్పుకునేదాన్ని.

కార్తీక మాసంలో అందరం కీసరగుట్టకు బయలుదేరాం. పెట్రోల్ బంకులో రెండు బండ్లకూ ట్యాంకు నింపించాక జీవన్ పందెం వేశాడు. మీటర్ జీరో చేద్దాం, గుట్ట ఎక్కి దిగి వచ్చాక ఎవరి బండి ఎంత ఇచ్చిందో చూద్దాం అన్నాడు. ఓడినవాళ్ళు అందరికీ బిర్యానీ తినిపించాలి, కార్తీకం అయిపోయాక. మా ఆయన మీసం దువ్వాడు. అమ్మ చెప్పినట్టే సంతోషి పిల్లలిద్దరూ మా బండిలో ఎక్కారు. వెనక సీట్లో అమ్మ, ఆమెకు అటొకడు ఇటొకడు. చాందిని ఎర్ర బండి మోజుతో బాబాయ్ వాళ్ళతో పోయింది. నేను ముందు సీట్లో కూర్చుని దారి పొడవునా రోడ్డు చూడలేదు, ఆయన కుడి చెయ్యే చూశాను. నాగారం దగ్గర చిన్న ఉతారు వచ్చింది. ఆ చెయ్యి స్టీరింగ్ వదిలి తాళం వైపు పోయింది. నేను దాన్ని పట్టుకుని గట్టిగా గిల్లాను. ఒట్టు యాదికుందిలే అని నవ్వాడు. యాదికుంటే చెయ్యి ఎందుకు పోయినట్టు?

గుట్ట మీద దర్శనం అయ్యాక బండ్ల దగ్గరే నిలబడి పులిహోర తిన్నాం. కోతులు కవర్ల కోసం చుట్టూ తిరుగుతున్నాయి. జీవన్ మా బండిలోకి తొంగిచూసి పగలబడి నవ్వాడు. సంతోషి పక్కన కూర్చుని పోరుపెట్టడంతో అతను దారంతా మెల్లగా నడిపాడట. రెండు మీటర్లలోనూ దాదాపు ఒకటే లెక్క.

"ఏంది అన్నా, నీ పొదుపు బండి, నా గుర్రం ఒక్కతీరే తాగినయి" అన్నాడు.

మా ఆయన తినడం మానేశాడు. ఆకు కోతికి పడేసి, గుట్ట అంచుకు పోయి, రోడ్డు ఎట్లా మెలికలు తిరిగి కిందికి పోతున్నదో చూస్తూ నిలబడ్డాడు. ఆ వీపు చూస్తే చాలు నాకు. ఈ ఉతారు మొత్తం ఈ మనిషి ఇంజన్ లేకుండా దింపబోతున్నాడని, బిర్యానీ కోసం కాదు, మామూలు మనిషికి అర్థం కాని ఒక పౌరుషం కోసం దింపబోతున్నాడని తెలిసిపోయింది. ఒట్టు పెట్టినా ఆగడు, గిల్లినా ఆగడు. వచ్చి మారుమాట లేకుండా పిల్లలను వెనక ఎక్కించడం మొదలుపెట్టాడు. చిన్నోడు కిటికీలోంచి నాకు నాలుక చూపించాడు.

ఇంటి గుట్టు లంకకు చేటు అంటారు. మునిగితే మునగనీ అనుకున్నాను. తలుపు తీసి పిల్లలిద్దరినీ కిందికి దింపాను.

"పోరగాళ్ళను గీ బండిల పంపియ్య. గీయన ఉతారుల ఇంజన్ బంద్ జేస్తడు. లాలాపేట కాడ బ్రేకులు పడక సచ్చి బతికినం" అన్నాను.

అమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. సంతోషి వచ్చి చిన్నోడిని ఎత్తుకుంది. ఎప్పుడూ ఇకిలించే జీవన్ కూడా నవ్వలేదు. నిజమేనా అన్నా అని మెల్లగా అడిగాడు. మా ఆయన ముఖం నల్లబడింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో నలుగురిలో నేను ఆయన్ను ఒక్క మాట అని ఎరగను. పాపం అనిపించింది, అయినా మాట వెనక్కి తీసుకోలేదు. పిల్లల ప్రాణం కంటే మొగుడి పరువు ఎక్కువా?

ఆయన తాళం తీసి చాందిని చేతిలో పెట్టాడు.

"నేను నడపనే నడప. నా బిడ్డ నడుపుతది. దీని మీదనన్న నమ్మకం ఉన్నదా నీకు?"

"ఉన్నది" అన్నాను.

ఆయన వెళ్ళి జీవన్ బండిలో ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. లాలాపేట నాటి నుంచి గుండెల మీద ఉన్న బరువు దిగిపోయింది. చిన్నోడిని సంతోషి చంకలోంచి నేనే తీసుకుని మళ్ళీ మా బండిలో కూర్చోబెట్టాను. ఇద్దరికీ బెల్టులు పెట్టాను. అమ్మ గొణుగుతూ మధ్యలో సర్దుకుంది. బంగారుతల్లీ, మెల్లగా పోనియ్యి అని మనవరాలి తల నిమిరింది.

చాందిని సీటు ముందుకు జరుపుకుంది, అద్దం సరిచేసుకుంది, బెల్టు పెట్టుకుంది. హారన్ కొట్టి కోతులను తరిమింది. ఎర్ర బండి ముందు పోయింది, మేము వెనక దిగడం మొదలుపెట్టాం. ఎండ మంచిగా కాస్తోంది. రోడ్డు పక్కన జనం గుంపులు గుంపులుగా నడిచి ఎక్కుతున్నారు, చంకల్లో పిల్లలు, చేతుల్లో పూజ సామాన్లు. మొదటి మలుపు సాఫీగా తిరిగింది. ఇంటికి పోయాక ఆయనకు ఇష్టమైన కూర చేసి, నాలుగు మంచి మాటలు చెప్పి, ఆ అలక తీర్చాలని ఆలోచిస్తున్నాను.

"పెద్దమ్మా, బండి సప్పుడు వస్తలేదేంది?" అన్నాడు పెద్దోడు వెనక నుంచి.

నిజమే. టైర్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను చాందిని వైపు తిరిగాను. దాని కుడి చెయ్యి తాళం మీది నుంచి స్టీరింగ్ మీదికి వస్తోంది.

"చాందినీ, స్టార్ట్ జెయ్."

"ఏం గాదమ్మా, నాన్నే నేర్పిండు. కాలేజీకాడికెళ్ళి రోజూ గిట్లనే వస్త" అంది నవ్వుతూ. "నాన్నను బాబాయ్ ముంగట ఓడిపోనిస్తనా?"

బండి వేగం పెరిగింది. కింద మలుపులో ఒక బస్సు రోడ్డంతా తీసుకుని పైకి ఎక్కుతోంది, దానికి ఇటువైపు అంచున నడిచేవాళ్ళు వరుసగా వస్తున్నారు. చాందిని బ్రేకు తొక్కింది. మళ్ళీ తొక్కింది. ఇంకోసారి తొక్కింది. దాని నవ్వు పోయింది.

"అమ్మా, బ్రేకు పెడల్ కిందికి దిగుతలేదు" అంది.