మంత్రవాది నిద్ర

ఆ ఆదివారం ఆట మానేస్తానని చెప్పడానికే బల్ల దగ్గర కూర్చున్నాను.

ఆట పెట్టింది మా అమ్మాయి భవ్య. విజయవాడలో ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతోంది. వారాంతంలో గుంటూరు వస్తుంది. కథ అది చెబుతుంది, కథలో మనుషులం మేము. కత్తి తగిలిందీ లేనిదీ ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. ఆటలో మా మరిది త్రినాథ్ మంత్రవాది. కింది వాటాలో ఉండే ఖుర్షిదా వైద్యురాలు. నేను కత్తి పట్టే యోధురాలిని. జ్వరాలతో పడి ఉన్న కొండ అవతలి ఊరికి మందులు తీసుకెళ్తున్నాం. వారం మొత్తంలో నేను ఒక్కచోట కుదురుగా కూర్చునేది ఆ రెండు గంటలే.

మొదట్లో బాగానే ఉండేది. త్రినాథ్ చేతిలోంచి చిన్న నిప్పురవ్వ వచ్చేది, నేను కత్తితో ఒక తోడేలును నరికేదాన్ని, ఇద్దరం సమానం. అయిదో లెవెల్‌కి వచ్చేసరికి అతను చెయ్యెత్తితే ఎనిమిది తోడేళ్లు మాడిపోతున్నాయి. నా కత్తికి మాత్రం ఇప్పటికీ ఒక్కటే, అదీ పాచిక దయతలిస్తే. అదైనా సహించేదాన్ని. మూడు మంటలు వేశాక అతని మంత్రాలు అయిపోతాయి. నిద్రపోతే మళ్లీ వస్తాయి. అడవిలో నిద్రపోవాలంటే ఎవరో ఒకరు కాపలా ఉండాలి. కత్తికి అయిపోవడమంటూ లేదు కాబట్టి కాపలా నాది. అయిదు వారాల్లో మంత్రవాది పదకొండుసార్లు పడుకున్నాడు.

ఆరోజూ ఆట మొదలైన పావుగంటకే త్రినాథ్ కుర్చీలో వెనక్కి వాలాడు.

"మూడూ అయిపోయాయి భవ్యా. పడుకుంటాం."

"ఇప్పుడేగదయ్యా లేచింది," అంది ఖుర్షిదా. "ఇంకా మొహాలు కూడా కడుక్కోలేదు."

"మంత్రమంటే మెదడు పనక్కా. కత్తి తిప్పినట్టా? వదిన నిలబడుద్దిలే."

"భవ్యా, నేను మానేస్తున్నానే," అన్నాను.

భవ్య పెన్ను కింద పెట్టింది. నేను ఊరికే అనే మనిషిని కానని దానికి తెలుసు.

"నీకు మాయకత్తి ఇస్తానమ్మా. ఒకేసారి రెండు దెబ్బలు."

"జాలిపడి ఇచ్చే కత్తి నాకెందుకు?"

"పోనీ, బాబాయ్ మంట తగ్గిస్తా."

"మధ్యలో నేనేం చేశానమ్మా?" అన్నాడు త్రినాథ్.

"మంట తగ్గించొద్దు. నిద్ర తగ్గించు," అన్నాను.

వాళ్లకు చెప్పాను. పెదకాకాని పక్కన మా నాన్నకి అయిదెకరాల మిరప ఉండేది. డిగ్రీ చదివే రోజుల్లో సెలవులొస్తే నేనూ కోతకి వెళ్లేదాన్ని. కూలీల ముఠాకి పెద్ద వీరమ్మ. మనిషికొక సాలు. చెయ్యి చురుకైనవాళ్లుంటారు, నడుం పట్టేసినవాళ్లుంటారు. ఎవరైనా సరే, సాలు మధ్యలో కూర్చోకూడదు. మంచినీళ్లయినా గట్టు చేరాకే. ముందు చేరినవాళ్లు వెనకబడినవాళ్ల సాలుకి ఎదురు కోసుకుంటూ వస్తారు. ఒకసారి ఎండకు తాళలేక నేను మధ్యలో కూర్చున్నాను. పొలం మాదే. అయినా వీరమ్మ ఊరుకోలేదు. "ఏమ్మాయ్, నువ్వు కూకుంటే ఇరవైమంది నడుములూ మేమూ కూకుంటామంటయ్. లెగు," అంది.

"అయితే ఇప్పుడేమంటావమ్మా?" అంది భవ్య.

"ఊరు చేరేదాకా నిద్ర లేదు. ఉన్న మంత్రాలు వాడుకుంటాడో దాచుకుంటాడో అతనిష్టం."

"అన్యాయం వదినా. దారిలో అయిపోతే కర్ర పట్టుకుని నిలబడాలా నేను?"

"నిలబడు. కాళ్లు లేవా నీకు?" అంది ఖుర్షిదా.

భవ్య కాగితం మీద రాసుకుంది. "ఇదే ఆఖరి నిద్ర బాబాయ్. లేచాక మూడు మంత్రాలు. అవతల ఊరొచ్చేదాకా అంతే."

అలవాటు ఎక్కడికి పోతుంది? వాగు దగ్గర నాలుగు తోడేళ్లు కనిపించగానే త్రినాథ్ రెండు మంటలు వేసేశాడు. వేశాక నాలిక కరుచుకున్నాడు. ఒక్కటే మిగిలింది.

కనుమలో రాతిమనిషి అడ్డం వచ్చాడు. దారి ఇరుకు, ఒక్కరే నిలబడగలరు. నేను నిలబడ్డాను. ఇన్ని వారాలూ నేను కోరుకున్నది ఇదే. పాచిక వేశాను, తగల్లేదు. మళ్లీ వేశాను, గీసుకుపోయింది. వాడు కొట్టిన ప్రతి దెబ్బా నాకు తగిలింది. ఖుర్షిదా కట్టు కట్టింది, మళ్లీ కట్టింది, తర్వాత ఆమె దగ్గర కట్టడానికేమీ లేదు. న్యాయం నేనే అడిగి తెచ్చుకున్నాను. అదొచ్చాక పని తగ్గలేదు, పెరిగింది. భుజం నిజంగానే లాగుతున్నట్టనిపించింది. నా ప్రాణం ముప్పై ఎనిమిది పాయింట్ల నుంచి నాలుగుకి వచ్చింది.

"వాడు కూడా కుంటుతున్నాడు," అంది భవ్య. "ఒకటి రెండు దెబ్బలకి పడతాడేమో."

త్రినాథ్ చెయ్యి పైకి లేచి ఆగింది. ఇన్ని వారాల్లో ఆ చెయ్యి ఎప్పుడూ ఆగలేదు.

"వదినా, ఉన్నది ఒక్కటే. ఇప్పుడు వెయ్యనా, ముందుకి ఉంచనా?"

ముగ్గురూ నా వంక చూస్తున్నారు. ఉంచమంటే ఈ రాతిమనిషి నా కత్తికే పడొచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

"వెయ్యి. అలిసిపోయాను," అన్నాను.

వేశాడు. రాతిమనిషి పగిలి దారికి అటూ ఇటూ పడ్డాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. త్రినాథ్ బల్ల మీదున్న తన మంత్రవాది బొమ్మను పట్టుకుని, నా బొమ్మను దాటించి ముందు పెట్టాడు.

"ఇక్కణ్ణించి నేను ముందు నడుస్తాను. కర్రే అనుకో. మొదటి దెబ్బకి పనికొస్తుంది."

"ఒక దెబ్బకి పోతావు బాబాయ్," అంది భవ్య.

"పోతే పోతాను. వదిన వెనకుంటుందిగా."

ఊరు ఇంకా మైలుంది. భవ్య నా వైపు తిరిగి, కాస్త బెరుకుగా అడిగింది. "అమ్మా, మానేస్తానన్నావుగా. ఇక్కడ ఆగిపోతావా, వస్తావా?"

"ముందు ఊరు చేరనీ," అని పాచిక అందుకున్నాను.